బెలారస్ ఎప్పటికైనా రష్యాలో కలిసిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ: మీ అబ్బాయికి బెలారస్ రాజధాని మిన్స్క్‌లో మెడిసిన్ సీటు వచ్చింది. ఫీజు కట్టబోతుంటే మీ బంధువు ఒకాయన "ఇంకో ఐదారేళ్లలో ఆ దేశమే ఉండదు, రష్యా కలిపేసుకుంటుంది" అన్నారు. అది నిజమయ్యే అవకాశం ఎంత, ఒకవేళ అయితే పిల్లాడి చదువు సంగతేమిటి అని అడుగుతున్నారు.

నేను హైదరాబాద్ నుంచి మందులు ఎగుమతి చేసే రంగంలో పనిచేసినవాణ్ణి. రష్యా, బెలారస్‌లలో మందుల రిజిస్ట్రేషన్ పని చూసేవాణ్ణి. ఆ రెండు దేశాల మధ్య ఏది కలిసింది, ఏది కలవలేదు అన్నది నా బల్ల మీది కాగితాల్లోనే కనిపించేది. ఆ అనుభవంతో రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే: ఆ దేశాధ్యక్షుడు లుకషెంకో అధికారంలో ఉన్నంతకాలం బెలారస్ తన జెండా దింపేసి రష్యాలో భాగమయ్యే అవకాశం చాలా తక్కువ. ఆయన తర్వాత ఎవరన్న ప్రశ్న వచ్చిన రోజున ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు కూడా పూర్తి విలీనం కన్నా, పేరుకు వేరే దేశంగా ఉంటూ ముఖ్యమైన నిర్ణయాలన్నిటికీ మాస్కో వైపు చూసే పరిస్థితి ఇంకా ముదరడమే ఎక్కువగా జరగవచ్చని నా అంచనా. మీ అబ్బాయి చదువుకు విలీనం పెద్ద ముప్పు కాదు. అంతకన్నా చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి, చివర్లో చెప్తాను.

మీ బంధువు మాట గాల్లోంచి పుట్టింది కాదు. రెండు దేశాలూ కలుస్తామని సంతకాలు చేసి పాతికేళ్లు దాటింది. 1996 ఏప్రిల్ 2న ఒక ఒప్పందం, సరిగ్గా ఏడాదికి ఇంకొకటి, చివరికి 1999 డిసెంబరు 8న "యూనియన్ స్టేట్" ఒప్పందం. అందులో ఉమ్మడి పార్లమెంటు, ఒకే కరెన్సీ, ఒక రాజ్యాంగ చట్టం అన్నీ రాసుకున్నారు. కరెన్సీకి 2005 గడువు పెట్టుకున్నారు. ఆ గడువు దాటిపోయింది, ఈరోజుకీ మిన్స్క్‌లో జీతం బెలారస్ రూబుళ్లలోనే. ఉమ్మడి పార్లమెంటుకు ప్రజలు ఓటేసే ఎన్నిక ఒక్కసారి కూడా జరగలేదు. రెండు దేశాల పార్లమెంట్ల నుంచి 36 మంది చొప్పున వచ్చి కూర్చునే సభ ఒకటి మాత్రం నడుస్తోంది. రాజ్యాంగ చట్టం రానే లేదు.

ఎందుకు రాలేదో తెలియాలంటే 1999 నాటి పరిస్థితి గుర్తు చేసుకోవాలి. అప్పుడు రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్, ఆరోగ్యం బాగా దెబ్బతిన్న మనిషి. లుకషెంకోకు అప్పటికి 45 ఏళ్లు, రష్యా పల్లెల్లో కూడా ఆయనకు మంచి పేరుండేది. రెండు దేశాలు ఒకటైతే ఆ పెద్ద కుర్చీ తనకు దక్కవచ్చన్న ఆశ ఆయనకు ఉండేదని అప్పటి పరిశీలకులు చాలామంది రాశారు. ఒప్పందం మీద సంతకమైన మూడు వారాలకే, డిసెంబరు 31న, యెల్త్సిన్ రాజీనామా చేశారు. పుతిన్ వచ్చారు. దాంతో విలీనం లెక్కే తారుమారైంది. అంతవరకు మెట్టులా కనిపించిన ఒప్పందం ఆ రోజు నుంచి లుకషెంకోకు ఉచ్చులా కనిపించింది.

2002 ఆగస్టులో పుతిన్ దాచుకోకుండా అడిగేశారు. రెఫరెండం పెడదాం, 2004లో ఉమ్మడి అధ్యక్షుణ్ణి ఎన్నుకుందాం, రష్యా రాజ్యాంగం కిందే ఒకటవుదాం అన్నారు. అంతకు కొద్ది నెలల ముందే, బెలారస్ ఆర్థిక వ్యవస్థ రష్యాలో 3 శాతమేనని ఆయన అని ఉన్నారు. అంటే సమాన భాగస్వామ్యం అన్న మాటే లేదు. బెలారస్‌లో ఆరు ప్రాంతాలు (ఒబ్లాస్తులు), మిన్స్క్ నగరం ఉన్నాయి. ఆ ప్రతిపాదన ప్రకారం దేశం ఏడు ముక్కలై రష్యా ప్రాంతాల పట్టికలో చేరుతుంది. ఇలాంటి ఆలోచన లెనిన్, స్టాలిన్‌లకు కూడా రాలేదని లుకషెంకో తిప్పికొట్టారు. విలీనం చర్చ అసలు అక్కడే ముగిసింది. ఆ తర్వాత జరిగిందంతా బేరం.

ఆ బేరం ఏమిటంటే: రష్యా చౌకగా గ్యాస్, చమురు ఇస్తుంది. బెలారస్ విధేయంగా ఉంటుంది. రష్యా చమురు బెలారస్‌లోని మజిర్, నవపోలత్స్క్ రిఫైనరీలకు సుంకం లేకుండా వచ్చేది, అక్కడ శుద్ధి చేసి పెట్రోలు, డీజిల్‌ను యూరప్‌కు మార్కెట్ ధరకు అమ్ముకునేవాళ్లు. 2022లో యూరప్‌లో వెయ్యి ఘనపు మీటర్ల గ్యాస్ ధర వెయ్యి డాలర్లు దాటిన రోజుల్లో బెలారస్ కట్టింది 128.5 డాలర్లు. ఒక దేశపు ఫ్యాక్టరీలు, ఇళ్ల హీటింగ్, బస్సులు, అన్నీ ఈ తేడా మీద నడుస్తాయి.

మాస్కోకు కోపం వచ్చినప్పుడల్లా ఈ కుళాయే బిగిసేది. 2004లో గ్యాస్ ఆపారు, 2007లో చమురు దగ్గర గొడవ, 2009లో బెలారస్ పాల ఉత్పత్తుల మీద నిషేధం. బెలారస్ గ్యాస్ పైపులైన్ల సంస్థ బెల్‌ట్రాన్స్‌గాజ్‌లో సగం వాటాను రష్యా ప్రభుత్వ గ్యాస్ సంస్థ గాజ్‌ప్రోమ్ విడతలవారీగా కొంది, 2011లో మిగతా సగమూ కొనేసింది. మొత్తం 500 కోట్ల డాలర్లు. 2018లో రష్యా చమురు పన్నుల విధానం మార్చి, ఎగుమతి సుంకాన్ని 2024కల్లా సున్నాకు తెస్తామంది. ఎగుమతి సుంకమే లేకపోతే బెలారస్‌కు దక్కే రాయితీకి అర్థం లేదు. నష్టపరిహారం ఇవ్వండని మిన్స్క్ అడిగితే, 2018 డిసెంబరులో బెలారస్‌లోని బ్రెస్ట్ నగరానికి వచ్చిన అప్పటి రష్యా ప్రధాని మెద్వెదేవ్, ముందు 1999 ఒప్పందంలో రాసుకున్నవి అమలు చేయండి, తర్వాత డబ్బు మాట్లాడదాం అన్నట్టుగా చెప్పారు. 2019 అంతా ఆ చర్చలే. డిసెంబరులో సంతకాలు జరుగుతాయేమోనని మిన్స్క్ చలిలో జనం వీధుల్లోకి వచ్చారు. సంతకాలు జరగలేదు. 2020లో లుకషెంకో నార్వే నుంచి, అమెరికా నుంచి చమురు ఓడలు తెప్పించుకున్నారు. ఖర్చెక్కువే, కానీ మాకు వేరే దారి ఉందని చూపించుకోవడానికి.

ఇక్కడ నా పని సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే "యూనియన్ స్టేట్" అన్న మాటకూ వాస్తవానికీ ఉన్న దూరం నాకు అర్థమైంది అక్కడే.

అదే ఫ్యాక్టరీలో, అదే బ్యాచ్‌లో తయారైన రక్తపోటు మాత్ర. దాన్ని రష్యాలో అమ్మడానికి మాస్కోలో ఒక రిజిస్ట్రేషన్, బెలారస్‌లో అమ్మడానికి మిన్స్క్‌లో ఇంకో రిజిస్ట్రేషన్. రెండు చోట్లా ఫైలు రష్యన్ భాషలోనే ఇచ్చేవాళ్లం, అయినా ఒకచోట అడిగిన ప్రశ్న ఇంకోచోట అడిగేవాళ్లు కాదు. 2020 జులై నుంచి రష్యాలో ప్రతి మందు పెట్టె మీదా ప్రత్యేకమైన చదరపు కోడ్ తప్పనిసరి అయింది. ఆ కోడ్ లేని పెట్టె మాస్కోలో అమ్మడానికి వీల్లేదు. కాబట్టి మిన్స్క్ గోదాములో సరుకు మిగిలిపోయి, ఏడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మాస్కోలో అదే మందుకు కరువొచ్చినా, లారీలో వేసి పంపే దారి లేదు. ఈ రెండు దేశాలూ సభ్యులుగా ఉన్న యురేషియా ఆర్థిక యూనియన్ 2015లో మొదలయ్యాక ఉమ్మడి రిజిస్ట్రేషన్ నియమాలు వచ్చాయి. పాత ఫైళ్లన్నిటినీ వాటికి అనుగుణంగా మార్చడానికి 2025 చివరి దాకా గడువిచ్చారు. మాత్రల పెట్టె విషయంలోనే ఇన్నేళ్లు పట్టింది.

సరిహద్దు సంగతి ఇంకా విడ్డూరం. మాస్కో, మిన్స్క్ హైవే మీద రష్యన్లు, బెలారసీయులు ఆగకుండా వెళ్లిపోతారు. మనలాంటి మూడో దేశం వాళ్లకు మాత్రం ఆ రోడ్డు చాలా ఏళ్లు మూసుకునే ఉంది. అక్కడ పాస్‌పోర్టు మీద ముద్ర వేసే ఆఫీసే లేదు కాబట్టి, రెండు దేశాల వీసాలూ చేతిలో ఉన్నా దాటడం చట్టప్రకారం కుదరదు. 2017లో రష్యా తన వైపు తనిఖీలు పెంచాక, తెలియక బస్సెక్కిన విదేశీయుల్ని దింపి వెనక్కి పంపేవాళ్లు. మేము విమానంలోనే తిరగాల్సి వచ్చేది. ఒకరి వీసాను ఇంకొకరు గుర్తించే ఒప్పందం 2025 జనవరి 11న అమల్లోకి వచ్చాకే, నిర్ణీత మార్గాల్లో వెళ్లడానికి వీలైంది. ఒకే రాజ్యం కడతామని ఒప్పందం చేసుకున్న పాతికేళ్లకు ఇది.

ఇదంతా అసమర్థత వల్ల కాదు. యూనియన్ స్టేట్ ఒప్పందంలో అత్యున్నత మండలి నిర్ణయాలకు రెండు దేశాలూ ఒప్పుకోవాలి, ఒకరు కాదన్నా ఆగిపోతుంది. 14 కోట్ల జనాభా దాటిన దేశానికీ ఓటు ఒకటే, కోటి కూడా లేని దేశానికీ ఓటు ఒకటే. లుకషెంకో ఆ వీటోను ప్రాణంలా కాపాడుకున్నారు. ఒకే కరెన్సీ అన్నప్పుడల్లా, నోట్లు ముద్రించే అధికారం మాకూ ఉండాలని ఆయన, ఒక్క మాస్కోకే ఉండాలని వాళ్లు. దానితో ఆ ఫైలు మళ్లీ మూసుకునేది.

2020 తర్వాత పరిస్థితి మారింది, ఇది దాచకూడదు. ఆగస్టు 9 అధ్యక్ష ఎన్నికలో మోసం జరిగిందంటూ లక్షల మంది రోడ్ల మీదికి వచ్చారు, వేల మందిని జైళ్లలో పెట్టారు. ఆ సెప్టెంబరులో రష్యాలోని సోచీకి వెళ్లిన లుకషెంకోకు పుతిన్ 150 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించారు. పడమటి దేశాలు ఆంక్షలు వేసి తలుపులు మూసేయడంతో ఆయన బేరమాడే బలం పోయింది. 2021 నవంబరులో 28 ఉమ్మడి కార్యక్రమాలకు ఆమోదం తెలిపారు, అవి పన్నులు, కస్టమ్స్, ఇంధనం, బ్యాంకింగ్ లాంటి వాటి గురించి. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం ఉక్రెయిన్ మీదికి బెలారస్ నేల మీదుగా కూడా వెళ్లింది. మూడు రోజులకే రెఫరెండం పెట్టి, అణ్వాయుధాలు లేని తటస్థ దేశం అన్న మాటను రాజ్యాంగంలోంచి తీసేశారు. 2023లో రష్యా అక్కడ అణ్వాయుధాలు మోహరిస్తామని ప్రకటించింది.

ఎరువుగా వాడే పొటాష్ సంగతి చూడండి. సోలిగోర్స్క్ గనుల పొటాష్ ఒకప్పుడు లిథువేనియాలోని క్లైపేడా రేవు నుంచి ప్రపంచమంతా వెళ్లేది, మన పొలాలకు కూడా వచ్చేది. 2022 ఫిబ్రవరిలో లిథువేనియా ఆ దారి ఆపేసింది. ఇప్పుడు ఆ సరుకు రష్యా రేవుల్లోంచి పోవాలి. ఆంక్షలు వేసినవాళ్ల ఉద్దేశం ఏదైనా, అవి బెలారస్‌ను మాస్కోకు ఇంకా గట్టిగా కట్టేశాయి. ఇది నాకు బాధ కలిగించే విషయం.

మరి ఇంత దూరం వచ్చాక కలిపేసుకోరా అంటే, నేను తిరిగి అడిగే ప్రశ్న: మాస్కోకు ఇంకా ఏం కావాలి? సైన్యానికి దారి దొరికింది. ఆయుధాలు పెట్టుకునే చోటు దొరికింది. గ్యాస్ పైపులు తన చేతిలోనే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితిలో బెలారస్ 1945 నుంచీ వ్యవస్థాపక సభ్యురాలు, సోవియట్ యూనియన్‌లో ఉన్నప్పుడు కూడా దానికి వేరే కుర్చీ ఉండేది. విలీనమైతే రష్యా పక్షాన పడే ఒక ఓటు తగ్గుతుంది. 90 లక్షల పైచిలుకు జనం పింఛన్లు, ఆసుపత్రులు, నష్టాల ఫ్యాక్టరీలు రష్యా ఖజానా మీద పడతాయి. ఇష్టంలేని జనాన్ని పాలించాల్సి వస్తుంది. ఇంత ఖర్చు పెట్టి కొత్తగా వచ్చేది ఒక మ్యాపు మాత్రమే. 2030కల్లా బెలారస్‌ను లోబరుచుకునే రష్యా ప్రణాళిక అంటూ 2023 ఫిబ్రవరిలో కొన్ని దేశాల పత్రికలు ఒక పత్రాన్ని బయటపెట్టాయి. మీ బంధువు చదివింది అదే అయ్యుండొచ్చు. ఆ కథనాల్లో చెప్పిన లక్ష్యాలు కూడా లోపల్నుంచి పట్టు బిగించడం గురించినవే.

ప్రజల సంగతి. మిన్స్క్‌లో రోజంతా వినిపించేది రష్యన్ భాషే. అది చూసి మనవాళ్లు వీళ్లూ రష్యన్లేగా అనుకుంటారు. అది పొరపాటు. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రతి నలుగురిలో ఒకర్ని పోగొట్టుకున్న నేల అది. చెర్నోబిల్ నుంచి లేచిన విషధూళిలో పెద్ద భాగం రాలింది అక్కడే. ఆ జ్ఞాపకాలు వాళ్లవి. రష్యాతో స్నేహం కావాలా అంటే చాలామంది కావాలంటారు, అక్కడ ఉద్యోగాలున్నాయి, చుట్టాలున్నారు. ఒకే దేశం అవుదామా అంటే ఔననేవాళ్లు చాలా కొద్దిమంది. 2022 సెప్టెంబరులో రష్యా మూడు లక్షల రిజర్వు సైనికుల్ని యుద్ధానికి పిలిచినప్పుడు ఈ తేడా ఎంత పెద్దదో తెలిసింది. నాతో పనిచేసిన మిన్స్క్ ఆవిడకు ఇద్దరు కొడుకులు, ఇద్దరూ ఆ వయసువాళ్లే. ఆమె అన్న కొడుకు రష్యాలోని స్మోలెన్స్క్‌లో ఉంటాడు, అతనికి తాఖీదు వచ్చింది, వీళ్లకు రాలేదు. మధ్యలో ఉన్నది ఎవరూ ఆపి అడగని ఆ సరిహద్దే. లుకషెంకో అంటే గిట్టనివాళ్లు కూడా, సొంత సైన్యాన్ని ఉక్రెయిన్‌లోకి పంపనందుకు ఊపిరి పీల్చుకున్నారు.

మనవాళ్లు దీన్ని హైదరాబాద్ సంస్థానంతో పోలుస్తుంటారు. ఆ పోలిక నిలవదు. నిజాం రాజ్యం చుట్టూ భారతదేశమే, ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం లేదు, లోపల ప్రజల్లో పెద్ద భాగం విలీనం కోరుతూ పోరాడుతున్నారు. బెలారస్‌కు పోలండ్, లిథువేనియా, లాత్వియా సరిహద్దులున్నాయి, ప్రపంచమంతా గుర్తించిన దేశం.

నిజంగా కలిసిన దేశాలు చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. ఒకప్పుడు కెనడాతో సంబంధం లేకుండా విడిగా ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దివాలా తీసి 1934లో సొంత ప్రభుత్వాన్నే వదులుకుంది, 1948 రెండో రెఫరెండంలో 52 శాతం మొగ్గుతో మరుసటి ఏడాది కెనడాలో చేరింది. తూర్పు జర్మనీ 1990లో చేరింది, అవతలివాళ్లు తమవాళ్లే, పైగా పశ్చిమ జర్మనీ కరెన్సీ అయిన మార్కు చేతికొచ్చింది. అంటే చిన్న దేశం ఖజానా ఖాళీ కావాలి, జనానికి అవతల మెరుగైన బతుకు కనిపించాలి. సిరియా దీనికి వేరే ఉదాహరణ. 1958లో తానే వెళ్లి ఈజిప్టుతో కలిసింది. అధికారమంతా కైరోకు పోయేసరికి సిరియా సైనికాధికారులే 1961లో తిరుగుబాటు చేసి బయటికొచ్చేశారు. మిన్స్క్‌లోని మంత్రులు, జనరళ్లు, ఫ్యాక్టరీ డైరెక్టర్లు కూడా ఇవాళ ఒక దేశానికి పెద్దలు, విలీనమైతే ఒక ప్రాంతపు ఉద్యోగులు. లుకషెంకో పోయినా వీళ్లు అక్కడే ఉంటారు. నా అంచనాకు అన్నిటికన్నా పెద్ద ఆధారం ఇదే.

నా అంచనా తప్పే వీలున్న సందర్భం కూడా చెప్పాలి. లుకషెంకో 1954లో పుట్టారు. 2025 జనవరిలో అధికారిక లెక్క ప్రకారం 86.82 శాతం ఓట్లతో మళ్లీ అధ్యక్షుడయ్యారు. అకస్మాత్తుగా ఆయనకేమైనా అయితే, వారసత్వం కోసం ఇద్దరు ముగ్గురు కొట్టుకుంటే, వాళ్లలో ఒకరు మాస్కో సాయం కోసం ఏదైనా రాసిచ్చే స్థితికి రావచ్చు. వార్తల్లో చూడాల్సింది నాయకుల కౌగిలింతలు కాదు. బెలారస్ నేషనల్ బ్యాంకు నోట్లు ముద్రించే హక్కు వదులుకుందా, ఉమ్మడి పార్లమెంటుకు నేరుగా ఎన్నిక ప్రకటించారా, సైన్యం, కేజీబీ (అక్కడి గూఢచారి సంస్థ) నియామకాలు మాస్కో చేస్తోందా, ఇవి చూడండి. ఇప్పటివరకు ఇందులో ఏదీ జరగలేదు. పైగా 2025లో లుకషెంకో అమెరికా ప్రతినిధులతో సొంతంగా మాట్లాడుకుని రాజకీయ ఖైదీల్ని వదిలి, సెప్టెంబరులో తమ విమాన సంస్థ బెలావియా మీద అమెరికా ఆంక్షలు తీయించుకున్నారు. తన కుర్చీ, తన బేరం ఇంకా తన దగ్గరే ఉన్నాయని చూపించుకుంటున్న మనిషి చేసే పని అది.

ఇక మీ అబ్బాయి. ఒకవేళ ఊహించనిది జరిగినా కాలేజీ మాయమైపోదు. 2014లో రష్యా ఉక్రెయిన్ నుంచి లాక్కున్న క్రిమియాలో సింఫెరోపోల్ మెడికల్ కాలేజీకి అదే జరిగింది, ఉక్రెయిన్ కాలేజీ అని చేరినవాళ్లు రష్యా ఫెడరల్ యూనివర్సిటీలో చదువు పూర్తిచేశారు, వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. ఇబ్బంది కాగితాల దగ్గర వస్తుంది. మన దేశపు జాతీయ మెడికల్ కమిషన్ 2021 నియమాల ప్రకారం కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, ఇంగ్లిష్ మీడియం కావాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విదేశీ సంస్థలో చేయాలి, డిగ్రీ ఇచ్చిన దేశంలో డాక్టరుగా నమోదు కావడానికి అర్హత ఉండాలి. ఈ చివరి రెండూ కాలేజీవాళ్ల చేత రాతపూర్వకంగా తీసుకోండి. ఏజెంటు నోటిమాట చాలదు. ప్రతి ఏడాదీ మార్కుల రికార్డు ధ్రువీకరించిన కాపీ, వీలైతే అపోస్టిల్‌తో (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర), ఇంటికి పంపమని అబ్బాయికి చెప్పండి.

డబ్బు సంగతి అంతకన్నా ముఖ్యం. 2022లో కొన్ని బెలారస్ బ్యాంకుల్ని దేశాల మధ్య డబ్బు బదిలీలకు బ్యాంకులు వాడే స్విఫ్ట్ వ్యవస్థ నుంచి తీసేశారు, కార్డులు, బదిలీలు ఎప్పుడు పనిచేస్తాయో ఎప్పుడు ఆగిపోతాయో చెప్పలేం. ఫీజు ఏ బ్యాంకు ఖాతాకు, ఏ కరెన్సీలో కట్టమంటున్నారో మీ బ్యాంకుతో ముందే మాట్లాడుకోండి. ఒక సెమిస్టరు ఖర్చు విడిగా పెట్టుకోండి. మూడో ఏడు నుంచి ఆసుపత్రి వార్డుల్లో రోగులు మాట్లాడేది రష్యనే కాబట్టి, మొదటి ఏడే ఆ భాష గట్టిగా నేర్చుకోవాలి.

విలీనం భయంతో సీటు వదులుకోవద్దు. కాలేజీ ఏ ఊళ్లోదో, మిన్స్క్‌దేనా లేక వీతెబ్స్క్, గ్రోద్నో, గోమెల్‌లలో దేనిదైనానా, ఇంటర్న్‌షిప్ గురించి వాళ్లు ఏం రాసిచ్చారో ఇక్కడ పెట్టండి. ఆ కాగితం చూసి నాకు తెలిసినంతలో చెప్తాను.